రెండు పరీక్షల నడుమ

వైద్యులు వ్రాసియిచ్చిన కాగితమునందు "ఉన్నది" అని యున్నచో మనుష్యుడు ఏడ్చి, కన్నీరు తుడుచుకొని, చికిత్సకు సిద్ధపడును. "లేదు" అని యున్నచో దేవునికి దండము పెట్టి ఇంటికి పోవును. కాని ఈ రెండును గాక "ఇప్పుడేమియు చెప్పలేము, మూడు నెలల తరువాత మరల చూతము" అని యున్నచో, ఆ మూడు నెలలును ఇంటిలో ఎట్లు బ్రతుకవలెనో చెప్పువారు అరుదు. ఈ అధ్యాయము ఆ మూడు నెలలను గూర్చినది. రోగమున్నవారి ప్రక్కన పడుకొని, నిద్రపోవుచున్నట్లు నటించుచు, చీకటిలో ఫ్యాను చప్పుడు వినుచుండు భర్తకొరకో భార్యకొరకో దీనిని వ్రాయుచున్నాను. ముప్పదియారు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పినవాడను. సమాధానము లేని లెక్కను పిల్లల కెన్నడును ఇచ్చి యెరుగను. అట్టి లెక్క మా దంపతుల చేతికి వచ్చినప్పుడు నేను చేసిన తప్పులను, వానివలన ఆలస్యముగా నేర్చుకొన్న రెండుమూడు సంగతులను దాపరికము లేక చెప్పెదను.

మెలనోమా యనునది చర్మమునకు వన్నె నిచ్చు కణములలో పుట్టు క్యాన్సరు. తెల్లని మేనిచాయ గలవారి దేశములలో, విశేషించి ఆస్ట్రేలియాలో, ఎండకు మాడిన వీపుమీదను, పిక్కలమీదను, ముఖముమీదను పుట్టుమచ్చ రూపమున నిది బయలుదేరుచుండును. మనవారిలో నిది మిక్కిలి తక్కువ. వచ్చినప్పుడు మాత్రము ఎండ సోకని అరికాలిలోనో, అరచేతిలోనో, గోటిక్రిందనో వచ్చుట యెక్కువ. మోసము జరుగునదియు నచ్చటనే. అరికాలి నల్లమచ్చను చూచి ఆనెకాయ అందుము, తుమ్మముల్లు విరిగి లోపల నిలిచినది అందుము, చెప్పు కరచినది అందుము. గోటిక్రింద నలుపు కట్టినచో గోరుచుట్టు అందుము. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవ్రేలి గోటిక్రింద వచ్చినదానిని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగానే తలచిరట. 1977లో అది మెలనోమా యని తేలినది, 1981లో ముప్పదియారవ యేట ఆయన మరణించెను. నా భార్యకు ఎడమకాలి మడమమీద చింతగింజంత నలుపు కనబడినప్పుడు, మా యూరి వైద్యుడొకరు దానిని ఆనె యనుకొని ఏడు నెలలు గీకి లేపనము పూసిరి. ఆయనమీద నాకు చాలకాలము కోపముండెను. ఇప్పుడు నామీద నాకున్న కోపమే యెక్కువ. ఏలయన, నలుబది యేండ్లకు సమీపించిన కాపురములో నేనా కాలిని ఒక్కమారైనను పరికించి చూచినవాడను గాను.

హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగినది. చర్మములో ఈ వ్యాధి ఎంత లోతునకు దిగినదో మిల్లీమీటర్లలో కొలుతురు. ఆ కొలతకు 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అను అమెరికా వైద్యుడు ప్రామాణ్యము కల్పించుటచే అతని పేరనే దానిని పిలుచుచున్నారు. ఆమెది 2.4 మిల్లీమీటర్లు. చుట్టును రెండు సెంటీమీటర్ల మేర చర్మము తీసివేసి, తొడనుండి తెచ్చిన చర్మమును మడమకు అతికిరి. గజ్జలోని మొదటి లింఫు గ్రంథిని నీలిరంగు మందుతో గుర్తించి తీసి పరీక్షించిరి. అది శుభ్రముగా నుండెను. తరువాత రెండేండ్లు ప్రతి పరీక్షయు నిర్మలముగా వచ్చినది. మూడవ యేట జనవరిలో వచ్చిన రిపోర్టుతోనే నేను చెప్పదలచిన కథ మొదలగుచున్నది.

స్కాను దినమునకు ముందటి రాత్రి ఆమె పసుపుకొమ్ము కట్టిన దారమును మెడలో వేసికొని, పుస్తెలత్రాడు తీసి నా చేతిలో నుంచెను. స్కాను గదిలోనికి పోవునప్పుడు లోహమేదియు ఒంటిమీద నుండరాదు గదా. పెట్-సీటీ యను ఆ పరీక్షలో, చక్కెరవంటి పదార్థమునకు రేడియోధార్మిక శక్తిగల ఫ్లోరిన్‌ను తగిలించి నరమున ఎక్కింతురు. ఆ శక్తి సుమారు 110 నిమిషములకు సగమైపోవును. కనుక మందు సిద్ధమైనది మొదలు అందరును గడియారమును చూచుచునే యుందురు. ఆకలిగొన్న కణములు ఆ చక్కెరను ఎక్కువగా త్రాగును, త్రాగినచోటు చిత్రములో వెలుగును. కదలిన కండరముకూడ చక్కెర త్రాగును గనుక, సూది వేసిన పిమ్మట గంటసేపు నిశ్శబ్దమైన గదిలో, మాటలాడక, కదలక పడుకొనుమందురు. లోపలనున్నవారికి ఈ సూచనలన్నియు నుండును. బయట బెంచీమీద కూర్చున్నవానికి ఏమి చేయవలెనో ఎవరును చెప్పరు. నేను మూడు గంటలసేపు చొక్కా జేబులోని పుస్తెలను పట్టుకొని, చేయి తీయకుండ కూర్చుంటిని.

మరునాటి సాయంకాలము రిపోర్టు నా ఫోనుకు వచ్చినది. కుడి ఊపిరితిత్తి క్రిందిభాగమున 5 మిల్లీమీటర్ల బుడిపె. ఎడమ గజ్జలో స్వల్పముగా వెలుగుచున్న ఒక గ్రంథి. చివర 'ఇన్‌డిటర్మినేట్' అను మాట. మూడు నెలలకు మరల పరీక్ష చేయింపుమను సూచన. ఆమె వంటింటిలో నుండి "ఏమొచ్చిందండీ?" అని యడిగినది. "అంతా బాగానే ఉందట" అంటిని.

ఈ అబద్ధము రెండు రాత్రులు నిలిచినది. మూడవనాటి ఉదయము ఆమె కత్తిపీట ముందువేసికొని చిక్కుడుకాయలు తరుగుచు, తల యెత్తకయే అడిగినది: "బాగానే ఉంటే, మొన్నటినుంచి మీరు పొద్దున్నే లేచి నాకు కాఫీ కలిపిస్తున్నారెందుకండీ?" నాయొద్ద జవాబు లేకపోయెను. ఎన్నడును లేని ఆదరణయే నన్ను పట్టియిచ్చినది.

మన యిండ్లలో రోగికి నిజము చెప్పకుండుటను ప్రేమగా భావింతురు. కొడుకులును కోడండ్రును వైద్యుని గది వెలుపల గుసగుసలాడి, లోపలికి వచ్చునప్పుడు ముఖమున నవ్వు తగిలించుకొందురు. కాని శస్త్రచికిత్స జరిగిన మనిషి ప్రతి ముఖమును పుస్తకమువలె చదువ నేర్చియుండును. దాచినది దాగదు, దాచినారన్న సంగతి మాత్రము అదనముగ తెలియును. అప్పుడామెకు రెండు భారములగును: రోగమేమో యను భయ మొకటి, మనము దాచుచున్నామని తెలిసియు తెలియనట్లుండవలసిన శ్రమ మరియొకటి. ఆ రెండు రాత్రులు నా భార్య నన్ను కాపాడుటకై నిద్ర నటించెననియు, నే నామెను కాపాడుటకై నిద్ర నటించితిననియు తరువాత తెలిసినప్పుడు, ఒక్క మంచముమీద ఇద్దరము వేరువేరు ఊళ్ళలో పడుకొన్నట్లు తోచి నాకు గుండె చెరువైనది.

ఇక "ఏమీ కాదులే" అను మాట. దీనిని పలుకని భర్త యుండడు. పలుకువాని ఉద్దేశము మంచిదే. కాని భయపడుచున్న మనిషితో ఆ మాట యనుట, ఆమె నోరు తెరువబోవుచుండగా అడ్డముగా చేయి పెట్టుటయే. "కాదు" అని మన మెట్లు చెప్పగలము? చదివిన వైద్యుడే చెప్పలేదు గదా. మనము తెలియక చెప్పుచున్నామని ఆమెకు తెలియును. కనుక ఆ మాటవలన ఆమెకు ధైర్యము కలుగదు, భయమును గూర్చి మాటలాడుటకు ఇంటిలో చోటు లేదను సంగతి మాత్రము బోధపడును. చిక్కుడుకాయల యెదుట ఆమె "అది మళ్ళీ వచ్చిందా?" అని సూటిగ అడిగినప్పుడు, ఆ మాట నా నాలుకమీదికి మరల వచ్చినది. ఏమి పుణ్యమో, దానిని మ్రింగి, "తెలియదు. డాక్టర్లకీ తెలియదట. నాకూ భయంగానే ఉంది" అంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత చిక్కుడుకాయల చేట నావైపు జరిపి, "ఈనెలు తియ్యండి" అన్నది. ఇద్దరము కూర్చుండి ఈనెలు తీసితిమి. ఆ రాత్రి ఆమె నిద్రపోయెను, నేనును నిద్రపోయితిని. "తెలియదు" అను మాటలో ఇద్దరు కలసి కాపురముండవచ్చును. "ఏమీ కాదు" అను మాటలో ఒక్కరికే చోటు. ఈ అధ్యాయమున నేను ముఖ్యముగ చెప్పదలచినది ఇదియే. తక్కినదంతయు ఆ "తెలియదు"తో దినములు గడుపు విధము.

తెలియనిదానితో కాపురము చేయవలెనన్న, ఎంతవరకు తెలియదో చక్కగ తెలిసికొనవలెను. 'ఇన్‌డిటర్మినేట్' అనగా "చెడ్డదే, చెప్పుటకు మొగమాటపడుచున్నాము" అని కాదు. చిత్రములో వెలుగు కనబడినంతమాత్రమున క్యాన్సరు కానక్కరలేదు. వాపున్న చోట్లన్నియు చక్కెర త్రాగును. మానుచున్న పుండు త్రాగును. చేతికి టీకా వేయించుకొన్నవారి చంకలోని గ్రంథులు కొన్ని వారములపాటు వెలుగుచుండుట కోవిడ్ టీకాల కాలమున లోకమంతట వైద్యులు చూచినదే. కాలికి దెబ్బ తగిలినచో గజ్జలలో బిళ్ళ కట్టునని మన పల్లెలలో పిల్లలకు సైతము తెలియును. మడమకు పగులు వచ్చినను, వ్రేళ్ళ సందున ఒరసినను ఆ గ్రంథి ఉబ్బవచ్చును, ఉబ్బినది వెలుగవచ్చును. ఊపిరితిత్తి సంగతి చూతము. ప్రపంచములోని క్షయరోగులలో దాదాపు నాలుగవ వంతు మన దేశమునందే యున్నారు. ఎన్నడో వచ్చి తెలియకయే మానిపోయిన క్షయ ఊపిరితిత్తిలో చిన్న మచ్చను విడిచిపోవుట మనకు సామాన్యము. పైగా 8 మిల్లీమీటర్లకన్న చిన్నవైన బుడిపెలను పెట్ యంత్రము నిశ్చయముగ నిర్ణయింపజాలదు; వెలుగలేదని ధైర్యపడుటకును వీలులేదు, ఉన్నదని కుంగుటకును వీలులేదు. అదే విధముగ మెదడు ఎల్లప్పుడును చక్కెర త్రాగుచునే యుండును గనుక అందులోని చిన్న వ్యాధి ఈ చిత్రమున మరుగుపడును. కావుననే వైద్యులు దానికి వేరుగ ఎమ్మారై చేయింతురు. ఎమ్మారై వ్రాసినారని ప్రత్యేకముగ భయపడనక్కరలేదు.

"అనుమానమున్నచో వెంటనే సూది గ్రుచ్చి చూడరాదా? మూడు నెలలు ఊరక కూర్చుండుట ఏమి వైద్యము?" అని నేనును వైద్యునితో వాదించితిని. ఆయన ఓపికతో ఒక కాగితముమీద చిన్న వృత్తమును గీచి చెప్పినది, గణితోపాధ్యాయుడనగుటచే నా మనస్సునకు బాగుగ పట్టినది. 5 మిల్లీమీటర్ల వ్యాసముగల గోళము రెట్టింపు ఘనపరిమాణమునకు పెరిగినను దాని వ్యాసము ఇంచుమించు 6.3 మాత్రమే యగును. యంత్రపు కొలతలోనే ఒక మిల్లీమీటరు హెచ్చుతగ్గు రావచ్చును. రెండు వారములకే మరల చూచినచో పెరిగినదో, కొలత తప్పినదో తెలియదు. అంత చిన్నదానిని ఊపిరితిత్తిలో సూదికి అందించుటయు కష్టము, అందులో అపాయమును కలదు. వ్యాధియైనచో పెరుగుటకును, వాపైనచో తగ్గుటకును చాలినంత కాలమును ఇచ్చి, అప్పుడు పోల్చి చూతురు. ఆ వృత్తమును చూచినది మొదలు, ఆ నిరీక్షణయు వైద్యములో ఒక భాగమేనని నాకు నమ్మకము కలిగినది.

వైద్యునియొద్దకు పోవునప్పుడు ఇద్దరును కలసి పోవలెను. ఒక నోటుపుస్తకమున ప్రశ్నలు ముందుగనే వ్రాసికొని పోవలెను. ఆ గదిలో రోగికి సగము మాటలు చెవికెక్కవు. ప్రక్కనున్నవాని పని జవాబులను వ్రాసికొనుట. అది ఎన్ని మిల్లీమీటర్లు, వెనుకటి స్కానులో ఉండెనా, క్యాన్సరు గాక మరేమి కావచ్చును, ఈ వ్యవధి ఎందుకు, పెరిగినట్లు తేలినచో తరువాతి మెట్టు ఏది, నడుమ ఏదైన బాధ కలిగినచో ఎవరికి ఫోను చేయవలెను: మాకు పనికివచ్చిన ప్రశ్నలివి. పాత స్కానుల సీడీలను రిపోర్టులతోపాటు ఒక సంచిలో భద్రపరచుడు. కొత్త చిత్రమునకు అర్థము పాతచిత్రము ప్రక్కన పెట్టి చూచినప్పుడే తెలియును. అంతేకాదు, మీ యింటివారికి చిన్నతనమున క్షయ వచ్చియుండెనా, మధుమేహమున్నదా, ఈ మధ్య టీకా వేయించితిరా, కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నదా అను సంగతులను అడుగకున్నను చెప్పుడు. వారము దినముల క్రితము వాకిలి ఊడ్చుచుండగా మడమ ప్రక్క గాజుపెంకు గీరుకొన్నదని నా భార్య చెప్పగా, వైద్యుడు దానిని శ్రద్ధగ వ్రాసికొనెను.

చెడ్డదే యని తేలినను దారులు మూసికొనిపోలేదని మొదటనే అడిగి తెలిసికొనుట మంచిది. శరీరమునందలి రక్షణశక్తికి వేసియున్న కళ్ళెమును విప్పి వ్యాధిమీదికి దానిని పంపు మందులు 2011 మొదలుకొని మెలనోమా చికిత్సను మార్చివైచినవి; ఆ మార్గమును కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ బహుమాన మొసగిరి. అవి అందరికి పనిచేయవు, వెల మిక్కిలి యెక్కువ. ఐనను, పూర్వము శూన్యముగ నున్నచోట ఇప్పుడు మందున్నది.

మా పరీక్షలో తరువాత ఏమి తేలినదో నేనిక్కడ వ్రాయను. ఈ పుస్తకము చదువువారిలో నేడే అట్టి రిపోర్టు చేతబట్టుకొన్నవారుందురు. మాకు మంచిగ తేలినదనినచో వారు దానిని శకునముగ భావింతురు, చెడుగ తేలినదనినచో కుంగుదురు. మా ఫలితము మాది, వారి ఫలితము వారిది.

దినములు గడుపు విధమును చెప్పెదను. మేము సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఒక అరగంటను భయమునకు కేటాయించుకొంటిమి. ఆ అరగంటలో ఏమైనను అనవచ్చును. మొదట నాకది కష్టముగ నుండెను. ఆమె "నాకేదన్నా అయితే..." అని మొదలు పెట్టగనే "అశుభం పలకకు" అంటిని. తథాస్తు దేవతలు సంచరించుచుందురని, పలికినది జరుగునని మన పెద్దలు చెప్పుదురు. ఆ భయమును నేను పరిహసింపను, మా అమ్మ ఆ మాట చెప్పియే నన్ను పెంచినది. కాని ఆ దేవతలకు మనస్సులోని మాట మాత్రము వినబడదా? పలుకనీయనంతమాత్రమున ఆలోచన ఆగదు. ఒంటరిగ సాగును, అంతే. నేను వినుటకు సిద్ధపడిన తరువాత ఆమె చెప్పినవి చాలవరకు మరణమును గూర్చినవి కావు. బ్యాంకులో డిపాజిట్టు కాగితములు ఏ పెట్టెలో నున్నవి, మనుమరాలికి ఇవ్వదలచిన కాసులపేరు ఎవరి చేతికి ఇవ్వవలెను, ఆ ఖరీదైన మందు వాడవలసి వచ్చినచో ఇల్లు అమ్మవలదు, పుత్తూరు వెళ్ళియైనను తన చెల్లెలితో మాట కలుపుకొనవలెను: ఇవి ఆమె మనస్సులోని బరువులు. ఒక్కొక్కటియే నోటుపుస్తకములోనికి ఎక్కినకొలది ఆమె ముఖము తేలికపడెను. అరగంట కాగానే పుస్తకమును మూసి, లేచి, అన్నము పెట్టుకొనువారము. పగటివేళ భయము తలయెత్తినచో "సాయంత్రానికి ఉంచుదాం" అనుకొనువారము. అర్ధరాత్రి రెండు గంటలకు ఆమె లేచి కూర్చున్న రాత్రులును కలవు. అప్పుడు ఈ నియమము పనికిరాదు. అట్టివేళ నేను మాటలాడక ఆమె వీపుమీద చేయి వేసి కూర్చుండెడివాడను. కొన్ని రాత్రులు తెల్లవారుదాక అట్లే గడచినవి.

బంధువుల ఫోనులను గూర్చి క్లుప్తముగ చెప్పెదను. ప్రతివారికిని అదే కథను మరల మరల చెప్పుట రోగికి పుండును మరల మరల రేపుటయే. న్యూజెర్సీలోనున్న మా అబ్బాయికి ఆ పని అప్పగించితిమి. ఎవరడిగినను వాడే చెప్పును. వాడు రాత్రులు మేలుకొని ఇంటర్నెట్టులో చదివిన బ్రతుకు శాతములను పంపబోగా, "అమ్మ అడిగితే చెప్పు, అడక్కపోతే వద్దు" అంటిని. ఆకు పసరు కట్టుమనువారును, సున్నముతో మచ్చను కాల్చుమనువారును వత్తురు. వారు ప్రేమతోనే చెప్పుదురు, వారిని కసరవలదు. "డాక్టరుగారిని అడిగి చెప్తామండి" అనుట చాలును. మచ్చను మాత్రము ఎవరి చేతను కాల్పనీయకుడు, గీకనీయకుడు.

ఇక కాళ్ళు. మెలనోమా వచ్చినవారి చర్మమును నెల కొకమారు శిరస్సు మొదలు అరికాలివరకు చూడవలెనని వైద్యుడు చెప్పుచు, "ఆమె వీపూ, అరికాళ్ళూ ఆమెకు కనబడవు. చూడవలసింది మీరే" అని నాతో అనెను. ఇంటికి వచ్చి, కుర్చీలో ఆమెను కూర్చుండబెట్టి, నేలమీద పీట వేసికొని, టార్చిలైటుతో ఆమె పాదమును పట్టుకొనబోగా, ఆమె కాళ్ళు గబుక్కున వెనుకకు లాగికొని, "మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటండీ! పాపం నాకు" అన్నది. కన్నులలో నీరు తిరిగినది. పారిజాతపుష్పము కథలో సత్యభామ కాళ్ళకు సాక్షాత్తు కృష్ణుడే మ్రొక్కినాడు గదా యని నేననగా, "నేను సత్యభామనా?" అని కొంచెము నవ్వి, కొంతసేపటికి కుడికాలు ముందునకు చాపెను. ఎడమకాలు చాపుటకు మరి కొంతసేపు పట్టినది.

ఆ పాదమును నేనప్పుడు చూచితిని. బావిగట్టుమీద, పొయ్యిముందర, వాకిట, గుడి మెట్లమీద నడచి నడచి పగిలిన మడమ. దానిమధ్య అతికిన చర్మము తొడ రంగులోనే లేతగ నున్నది. దాని అంచున కుట్ల గుర్తులు చీమల బారువలె నున్నవి. నలుబది యేండ్లు ఈ పాదముల నడకమీద నా యిల్లు నిలిచినది. ఆ మాట ఆమెతో అనలేదు; అతికిన చర్మము చుట్టును వ్రేలితో మెల్లగ తడిమితిని. చూడవలసిన దేమనగా: శస్త్రచికిత్స మచ్చ అంచునగాని, దానినుండి గజ్జవరకు నుండు దారిలోగాని నల్లనివో ఎఱ్ఱనివో కొత్త చుక్కలు, బుడిపెలు వచ్చినవా; వ్రేళ్ళసందులలో, గోళ్ళక్రింద కొత్త నలుపు గీతలున్నవా; పాత పుట్టుమచ్చ ఏదైన ఆకారమో రంగో పరిమాణమో మారినదా; మోకాలి వెనుకను, గజ్జలోను గట్టిబిళ్ళ తగులుచున్నదా. అనుమానమున్నదానిని స్కేలు ప్రక్కనబెట్టి ఫోనులో ఫొటో తీసి, తేదీ వ్రాయుడు, జ్ఞాపకముమీద ఆధారపడవలదు. నెలకొకమారు చాలును. నేను మొదటి నెలలో ప్రతిదినము చూడబోగా ఆమె, "రోజూ చూస్తే నాకు రోజూ జబ్బు గుర్తొస్తోందండీ" అన్నది. నాటినుండి పూర్ణిమ దినమున మాత్రమే చూచుచున్నాను.

మూడు నెలల గడువు ఇచ్చినారు గదా యని కొన్నింటికి ఆగరాదు. విడువని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారుట, మూర్ఛ, కాలుసేతులలో బలము తగ్గుట, దగ్గులో నెత్తురు, ఆయాసము, చర్మము క్రింద కొత్తగడ్డ కనబడినచో ఆ దినమే వైద్యునికి చెప్పవలెను. అట్లే రెండు వారములకు మించి రోగికిగాని మీకుగాని తిండి, నిద్ర పట్టనిచో, దేనిమీదను మనస్సు నిలువనిచో, అదియు చెప్పవలసిన బాధయే. క్యాన్సరు ఆసుపత్రులలో మనోవైద్యుల సహాయము దొరకును. నా రక్తపోటు ఆ ఫిబ్రవరిలో పెరిగినది. మాత్ర వేసికొనుట మరచిపోవుచుంటిని. ఆమెయే కనిపెట్టి, నా మాత్రల డబ్బాను తన మాత్రల డబ్బా ప్రక్కన పెట్టినది. నాటినుండి రాత్రి భోజనమైన తరువాత ఇద్దరము ఒకేమారు వేసికొనుచున్నాము.

మూడు నెలలకు పడిన తేదీ ఏప్రిల్ నెలాఖరున వచ్చినది. "ఆవకాయల రోజులు" అని ఆమె ఆ తేదీని చూచి గొణిగినది. ఈ యేడు పెట్టవద్దంటిని, వినలేదు. పుల్లని కాయలు తెప్పించి, తడి తుడిచి, ముక్కలు కొట్టించి, ఆవపిండియు కారమును ఉప్పును నూనెయు కొలిచి తానే కలిపి జాడీలోని కెత్తినది. మూడవనాడు తిరుగవేయవలెను. ఆ మూడవనాడు స్కానుకు ముందటి దినమైనది. ఆ దినమున బరువు పనులేవియు చేయరాదని, చేసినచో కండరములు వెలిగి చిత్రమును చెరచునని ఆసుపత్రివారు చెప్పియుండిరి. కనుక జాడీ ముందు నేను కూర్చుంటిని. వాసెన విప్పితిని. ఆమె పీటమీద గోడకు చేరబడి, చేతులు ఒడిలో పెట్టుకొని, "అడుగునుంచి తియ్యండి. గరిటె గోడకి తగలనివ్వకండి. ముక్క చితక్కూడదు" అని చెప్పుచుండెను. చేయి మోచేతిదాక ఎఱ్ఱనైనది. "ఉప్పు చూడండి. సరిపోయిందా?" అన్నది. కొంచెము నాలుకమీద వేసికొని చూచితిని.

"నాకు తెలియటం లేదు" అంటిని.

"ఇలా ఇవ్వండి" అని అరచేయి చాపినది.